ఏం చేశాడు నీ దేవుడు?

2023 జనవరి మొదటి వారంలో అమెజాన్ 18 వేల మందిని తీసేస్తున్నట్లు చెప్పింది. అదే నెల 18న మైక్రోసాఫ్ట్ 10 వేల మంది అంది. ఇంకో రెండు రోజులకు గూగుల్ 12 వేల మంది అంది. ఇవన్నీ ప్రపంచవ్యాప్త లెక్కలే. కానీ ఈ మూడు కంపెనీలకూ హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడల్లో అద్దె ఫ్లాట్లలో ఉండే వేలాది కుటుంబాలకు సంక్రాంతి సంబరం తీరకముందే గుండెల్లో దడ మొదలైంది. ఇంటి లోను ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు, ఊళ్లో అమ్మానాన్నల మందుల ఖర్చు, అన్నీ ఒక్క మెయిల్ మీద ఆధారపడి ఉన్నాయి.

అలాంటి రోజుల్లో ఐటీ కారిడార్‌లో ఒక మాట గట్టిగా వినిపిస్తుంది. టీ తాగే చోట, క్యాబ్‌లో, వాట్సాప్ గ్రూపులో. “ప్రతి శనివారం గుడికి పోతివి గదా, ఏం చేసిండు నీ దేవుడు?” అని ఒకరు. “ఉపవాస ప్రార్థనలన్నావ్, ఆఫర్ లెటర్ ఏది బ్రో?” అని ఇంకొకరు. “ఐదు పూటలా నమాజు చదివే నీకే ప్రాజెక్టు పోయిందేంటి భాయ్?” అని మరొకరు. అనేవాళ్లలో పగవాళ్లు తక్కువ. పక్క సీటులో కూర్చుని, టిఫిన్ బాక్సు పంచుకుని తినేవాళ్లే ఎక్కువ. నవ్వుతూ అనేసి మర్చిపోతారు. విన్నవాళ్లు మర్చిపోలేరు.

ఎందుకు మర్చిపోలేరంటే, ఆ ప్రశ్న వాళ్లకు కొత్తది కాదు. రాత్రి నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు తమలో తాము అడుక్కున్నదే. దాన్నే పగటిపూట నలుగురిలో ఇంకొకరి నోట వినాల్సి రావడం అసలు బాధ. ఎగతాళికి జవాబు చెప్పాలా, మౌనంగా ఉండాలా అన్నది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది, తన ప్రశ్నను తాను ఎవరి దగ్గర పెట్టుకోవాలన్నది. తెలుగువాళ్ల భక్తి చరిత్రలో దీనికి స్పష్టమైన జవాబుంది. అది సైబర్ టవర్స్‌కు పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడికి వెళ్లేముందు చిల్కూరు సంగతి చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో దేవుడి మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది ఆ గుడే.

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో, గండిపేట చెరువు ఒడ్డున ఉంది చిల్కూరు బాలాజీ ఆలయం. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాతి ఏళ్లలో అమెరికా ప్రయాణాలు పెరిగాయి, వాటితోపాటే ఈ గుడికి జనమూ పెరిగారు. ‘వీసా బాలాజీ’ అనే పేరు అప్పుడే జనం నోళ్లలో స్థిరపడింది. పద్ధతి అందరికీ తెలిసిందే. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. లెక్క తప్పకుండా ఉండేందుకు 1 నుంచి 108 వరకు గళ్లు అచ్చువేసిన కాగితం చేతిలో పట్టుకుంటారు. ఒక్కో చుట్టు పూర్తికాగానే నడక ఆపకుండానే ఒక్కో గడిలో పెన్నుతో గీత పెడతారు. జీన్స్ ప్యాంటు, కంపెనీ బ్యాక్‌ప్యాక్, అందులో పాస్‌పోర్టు, వట్టి కాళ్లు. శని, ఆదివారాల్లో ఈ దృశ్యం చూడాల్సిందే.

ఈ గుడిలో హుండీ లేదు. ప్రత్యేక దర్శనం టికెట్టూ లేదు. ఇది చిన్న విషయం కాదు. ‘దేవుడి పేరుతో డబ్బు’ అనే విమర్శకు ఇక్కడ చోటే లేకుండా చేశారు అర్చకులు. కానీ ‘వీసా బాలాజీ’ అనే పేరులోనే ఎగతాళికి తలుపు తెరిచి ఉంది. వీసా వస్తే దేవుడు ఉన్నట్టు, స్టాంపు పడకపోతే లేనట్టు అని లెక్క వేసుకున్నాక, ఆ లెక్కను పక్కవాడూ వేస్తాడు కదా! హెచ్1బి మీద అమెరికాలో ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, కొత్తది చూసుకోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అంటూ అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ చిల్కూరు పేరు మీద జోకులు ఫోన్ల నిండా తిరుగుతాయి.

ఆ జోకులు పంపేవాళ్లలో చాలామందికి ఈ గుడి స్థలపురాణం తెలియదు. ఏటా తిరుపతి వెళ్లి వేంకటేశ్వరుణ్ని దర్శించుకునే ఒక భక్తుడు ఒక ఏడాది జబ్బు పడ్డాడు. ప్రయాణం చేసే శక్తి లేదు. కుంగిపోయి ఉన్నప్పుడు స్వామి కలలో కనబడి, నువ్వు రాలేకపోతే నేనే నీ దగ్గరికి వస్తానన్నాడట. అలా అడవిలో వెలసిన స్వామి అని చెబుతారు. అంటే ఈ గుడి పుట్టుకకు కారణం తీరిన కోరిక కాదు, నడవలేని ఒక మనిషి దిగులు. పాస్‌పోర్టులు, స్టాంపులు ఆ తర్వాత వచ్చి చేరినవి. ఈ క్రమం తెలిసి ప్రదక్షిణ చేసేవాళ్లకు, వీసా రాని ఏడాది కూడా అక్కడికి వెళ్లడానికి కారణం ఉంటుంది.

ఇక గోల్కొండ.

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టి, తర్వాత రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారుకు శిస్తు వసూలు చేసి పంపడం ఆయన ఉద్యోగం. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, ఖజానా సొమ్ము వాడేశాడన్న అభియోగం మీద గోల్కొండ కోటలో ఖైదయ్యాడు. అప్పటి పాలకుడు కుతుబ్‌షాహీల్లో చివరివాడైన అబుల్ హసన్ తానీషా, 1672 నుంచి 1687 వరకు ఏలినవాడు. కొలువులో మంత్రులుగా చక్రం తిప్పుతున్న అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని సంప్రదాయం చెబుతుంది. అంతటి బలగం ఉండీ విడుదల కాలేదు. చెరలో 12 ఏళ్లు గడిచాయంటారు.

ఒక్కసారి ఆ స్థితి ఊహించుకోవాలి. దొంగతనం చేసి జైలుకు పోయినవాణ్ని చూసి లోకం నవ్వితే ఒక అర్థముంది. ఇక్కడ గుడి కట్టినవాడే గుడి కారణంగా బందీ అయ్యాడు. గుడిలో దేవుడు నగలు పెట్టుకుని ఉన్నాడు, కట్టించినవాడు కొరడా దెబ్బలు తింటున్నాడు. ‘ఏం చేశాడు నీ దేవుడు’ అనడానికి ఇంతకంటే పదునైన సందర్భం దొరకదు.

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లకు రామదాసు బందీఖానా చూపిస్తారు. మందపాటి రాతి గోడలు. వెలుగు రావడానికి పైన ఒక చిన్న సందు. గోడ మీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుడి రూపాలు చెక్కి ఉంటాయి. రామదాసే చెక్కుకున్నాడని జనం నమ్మకం. ఇప్పటికీ అక్కడ పసుపు కుంకుమలు పెడుతుంటారు. పైనుంచి పడే ఆ కాస్త వెలుగులో ఆ బొమ్మల ముందు నిలబడితే, లోపల కూర్చున్న మనిషికి మాట్లాడటానికి ఎవరు మిగిలారో అర్థమవుతుంది. గోడ మీది రాముడొక్కడే.

మాట్లాడాడు. ఆ మాటలే కీర్తనలయ్యాయి. వాటిలో వేడుకోలు ఎంత ఉందో, కోపం అంత ఉంది. ఒక ప్రసిద్ధ కీర్తనలో ఆయన లెక్కల మనిషిలాగే లెక్కలు చెబుతాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం ఖరీదెంత, భరతుడికి చేయించినదెంత, లక్ష్మణుడిదెంత అని వరుసగా వరహాల్లో ఏకరువు పెట్టి, ఆ సొమ్ము ఎవరబ్బ సొత్తని కులుకుతున్నావంటూ నేరుగా రాముణ్నే నిలదీస్తాడు. అంతటితో ఆగకుండా, దెబ్బల బాధ ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని బతిమాలుకుంటాడు. కోపం, లెక్క, క్షమాపణ మూడూ ఒకే పాటలో. నిత్యం మాట్లాడుకునే ఇద్దరి మధ్యే ఇలాంటి తగువు సాధ్యం. ఇంట్లోవాళ్లతో గొడవపడే చనువు అది.

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షలు చెల్లించి రామదాసును విడిపించారన్నది జనం తరతరాలుగా చెప్పుకునే కథ. హేతువాది ఈ కథను ప్రశ్నించవచ్చు. ఆ హక్కు అతనికుంది. కానీ చెరసాల కీర్తనలను ఎవరూ కాదనలేరు. అవి ఉన్నాయి, ఇప్పటికీ పాడుతున్నారు. వాటిని రాసేటప్పుడు రామదాసుకు విడుదల ఎప్పుడో తెలియదు, అసలు ఉంటుందో లేదో తెలియదు. ఫలితం చేతికి రాకముందు పలికిన మాటలు గనుకనే, నోటీస్ పీరియడ్‌లో ఉన్న మనిషికి, ఆస్పత్రి వరండాలో రిపోర్టు కోసం కూర్చున్న మనిషికి అవి పనికొస్తాయి.

రామదాసుకు రెండు శతాబ్దాల ముందే ఈ దారి వేసినవాడు బమ్మెర పోతన. భాగవతం అష్టమ స్కంధంలో మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడు మొదట తన బలాన్ని నమ్ముకున్నాడు. బలం ఉడిగాక దేవుణ్ని తలచుకున్నాడు. అప్పుడూ సందేహం వదల్లేదు. దీనుల పాలిట ఉంటాడని, అన్ని దిక్కులా ఉంటాడని అందరూ చెప్పే ఆ దేవుడు నిజంగా ఉన్నాడా లేడా అని ప్రార్థన మధ్యలోనే అనుమానపడ్డాడు. తెలుగు మాస్టార్ల పుణ్యమా అని ఈ పద్యం రాని తెలుగు పిల్లలు ఒకప్పుడు అరుదు. గమనించాల్సిందేమంటే, ఆ అనుమానం వల్ల గజేంద్రుడి మొర చెల్లకుండా పోలేదు. అనుమానం కూడా మొరలో భాగమే అయింది. ‘నాకు సందేహం వచ్చింది, కాబట్టి నా భక్తి అబద్ధం’ అని కుమిలిపోయే ఐటీ కుర్రవాడికి ఈ ఒక్క పద్యం చాలు. పోతనే ఆ సందేహానికి చోటిచ్చినప్పుడు, మనం ఇవ్వకపోవడమేమిటి?

తిరువయ్యారులో త్యాగరాజుకు ఎగతాళి ఇంట్లోనే ఎదురైంది. తంజావూరు రాజుగారి పిలుపును, కానుకలను కాదన్నందుకు అన్నగారికి కోపం వచ్చి, ఆయన పూజించే రామ విగ్రహాలను కావేరిలో పారేశాడని కథనం. కంచంలో అన్నం పెట్టేవాళ్లే వెక్కిరించినప్పుడు మనిషి ఎక్కడికి పోతాడు? త్యాగరాజూ రాముడితోనే చెప్పుకున్నాడు. నీకు దయ రాదా, నా మీద ఎందుకీ చలం అని అడిగే కీర్తనలు ఆయనవి ఎన్నో.

అవిశ్వాసుల వెక్కిరింత గురించే మాట్లాడి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. కష్టంలో ఉన్న మనిషిని విశ్వాసులు అనే మాటలు అంతకంటే లోతుగా దిగుతాయి. “పూర్వజన్మలో ఏం పాపం చేశావో” అంటారు ఒకరు. “ఏలినాటి శని, ఏడున్నరేళ్లు తప్పదు” అంటారు ఇంకొకరు. “నీ ప్రార్థనలో విశ్వాసం చాల్లేదు బ్రదర్” అంటారు వేరొకరు. దేవుడి తరఫున మాట్లాడుతున్నామనుకుంటారు గానీ, దేవుణ్నే శిక్ష వేసే అధికారిగా చేసి అప్పటికే పడిపోయి ఉన్నవాడి నెత్తిన కూర్చోబెడతారు.

బైబిల్‌లో 42 అధ్యాయాల యోబు గ్రంథమంతా దీని గురించే. ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న యోబును చూడటానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కనే నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక, నీ తప్పు లేకుండా ఇదంతా జరగదని వాదన మొదలుపెట్టారు. యోబు ఒప్పుకోలేదు. దేవుడితోనే వాదించాడు, కారణం చెప్పమని అడిగాడు. చివర్లో దేవుడు ఎవర్ని మందలించాడు? తన పక్షం వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల్ని. నిలదీసిన యోబే తన గురించి సరిగా పలికాడన్నాడు. ఖురాన్‌లో ఇదే మనిషి ప్రవక్త అయ్యూబ్‌గా, సబర్‌కు, అంటే సహనానికి, మారుపేరుగా కనిపిస్తాడు. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు గౌరవించే ఈ కథ మణికొండ చర్చిలో, టోలీచౌకీ మసీదులో వినిపించినప్పుడల్లా, లేఆఫ్ అయిన మనిషి ఒకరైనా అక్కడ కూర్చుని ఉంటారు.

ఇందులో ఆరోగ్యానికి సంబంధించిన సంగతీ ఉంది. అమెరికాలో కెనెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కష్టాల్లో మనుషులు విశ్వాసాన్ని ఎలా వాడుకుంటారో దశాబ్దాలపాటు పరిశీలించారు. ఆస్పత్రిలో చేరిన వృద్ధులను రెండేళ్లపాటు గమనించి 2001లో ఆయన బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. దేవుడు తమను వదిలేశాడా, తమ మీద ఆయనకు ప్రేమ ఉందా అని మథనపడ్డవాళ్లలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. అంటే “ఇది దేవుడు నీకు వేసిన శిక్ష” అనే మాట చెవిన వేసి పోయేవాళ్లు చేసే హాని మాటతో ఆగకపోవచ్చు. భక్తులనుకునే ప్రతి ఒక్కరూ ఈ విషయం తెలుసుకుని తీరాలి.

ఎగతాళిని ఏళ్ల తరబడి భరించి నిలబడ్డ సమూహాలూ తెలుగునేల మీద ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మొదలుపెట్టిన తెలుగు మిషన్‌లో చాలాకాలం చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అమెరికాలో వాళ్ల పెద్దలే ఇది దండగ, మూసేద్దామని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. మీరు మూసేస్తే నేనొక్కణ్నే తిరిగి వెళ్తానని లైమన్ జ్యూయెట్ పట్టుబట్టాడు. అలా నిలిచిన మిషన్‌లో 1866లో ఒంగోలు చేరినవాడు జాన్ క్లౌ. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని కరువు కాల్చేసింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట వాళ్ల మీద పడకూడదని, కరువు సాయం ఆగేదాకా ఏడాదికి పైగా ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది అంటరానివాళ్లుగా ఊరి బయట బతికిన మాదిగలు.

అంత జాగ్రత్తపడినా ‘అన్నం కోసం మతం మారారు’ అన్న నింద వాళ్ల పిల్లలకూ, మనవళ్లకూ తప్పలేదు. కరువు తీరాక, కూలి ఆగాక వచ్చి చేరినవాళ్ల మీద ఆ నింద ఎలా నిలుస్తుంది? అయినా అంటూనే ఉన్నారు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి చదువుకుని వచ్చి నేడు మాదాపూర్‌లో కోడ్ రాస్తున్న యువతీయువకుల ఇళ్లలో ఆ తరాల జ్ఞాపకం ఇంకా ఉంది. ఆఫీసులో ఎవరైనా వాళ్ల ప్రార్థనను తేలిగ్గా తీసిపారేసినప్పుడు, వాళ్లకు వినిపించేది ఈ ఒక్క రోజు మాట మాత్రమే కాదు.

నమ్మకం లేనివాళ్ల పక్షానా ఒక నిజం చెప్పాలి. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్ర అధ్యాపకుడు. దేవుడనే భావన మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. కొన్నేళ్లకు మచిలీపట్నంలోనూ ఉద్యోగం వదలాల్సి వచ్చింది. పెళ్లాం పిల్లలతో 1940లో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది విజయవాడకు మారింది. వెలివేతలు, ఎగతాళులు, లేమి అన్నీ చూశాడు. విశ్వాసం లేనందుకు జీతం పోగొట్టుకుని కూడా తన మాట మార్చుకోని మనిషి ఆయన. అంటరానితనం పోవాలని ఊరూరా పనిచేశాడు. గాంధీతో దేవుడి గురించి గంటల తరబడి వాదించాడు. ఇద్దరిలో ఎవరూ ఎదుటివాణ్ని కించపరచలేదు. ఆ సంభాషణలు 1951లో పుస్తకంగా వచ్చాయి.

వాదన వేరు, వెక్కిరింత వేరు అని తెలియాలంటే ఆ పుస్తకం చదవాలి. ‘నీ దేవుడు ఉన్నాడనడానికి ఆధారమేమిటి’ అని తీరిక వేళ అడిగే మిత్రుడితో గంటలసేపు మాట్లాడవచ్చు. ఆ మాటల్లో భక్తుడు ఓడిపోయినా నష్టం లేదు. మూఢనమ్మకం ఏదైనా వదిలితే లాభమే. అదే ప్రశ్నను టెర్మినేషన్ మెయిల్ వచ్చిన సాయంత్రం, తండ్రి ఐసీయూలో ఉన్న రాత్రి అడిగేవాడికి జవాబు అక్కర్లేదు. గోరా అయితే ఆ సమయంలో ఆ ప్రశ్న అడగడు. ఏం సాయం కావాలో అడుగుతాడు.

కరోనా కాలంలో ఈ వెక్కిరింత ఊరంతా ఒక్కసారే వినబడింది. 2020 మార్చిలో గుళ్లు, మసీదులు, చర్చీలు మూతపడ్డాయి. ఏప్రిల్ 2న భద్రాద్రి రాముడి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. దేవుళ్లే తలుపులు వేసుకున్నారు, ఇక మిమ్మల్నేం కాపాడతారంటూ సోషల్ మీడియాలో పోస్టులు వరదలా వచ్చాయి. విశ్వాసుల్లో కొందరు పోస్టుకు పోస్టు పెడుతూ తగువులాడారు. దానివల్ల ఎవరికీ మేలు జరిగిన దాఖలా లేదు. ఇంకొందరు వేరే దారి పట్టారు. 2021లో రెండో ఉధృతిలో ఆస్పత్రుల్లో పడక దొరకనప్పుడు, అప్పట్లో సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలో ఉన్న రాజేంద్రనగర్‌లో మస్జిద్-ఎ-మహమ్మదియా ప్రార్థన మందిరంలోనే మంచాలు వేశారు. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ దాన్ని కోవిడ్ చికిత్స కేంద్రంగా నడిపింది. నమాజుకు వరుసలు తీరే చోట ఆక్సిజన్ పెట్టుకున్న రోగులు పడుకున్నారు. ‘తలుపులు వేసుకున్నారు’ అన్న మాటకు ఆ మసీదు తలుపులు తీసి జవాబు చెప్పింది.

రామదాసు గుడి కట్టాడు, క్లౌ కాలువ తవ్వించాడు, రాజేంద్రనగర్ మసీదు మంచాలు వేసింది. కష్టకాలంలో నిలిచిన విశ్వాసం ఎక్కడ చూసినా ఒకవైపు దేవుడితో మొర, మరోవైపు చేతుల నిండా పని కనిపిస్తాయి. ఎగతాళి చేసినవాడితో వాదన మాత్రం అంతగా కనిపించదు. ఉద్యోగం పోయిన ఐటీ మనిషికీ ఇది అక్షరాలా వర్తిస్తుంది. పొద్దున విష్ణుసహస్రనామం చదివాక రెజ్యూమె సరిదిద్దుకోవాలి. అమీర్‌పేటలో కొత్త కోర్సులో చేరాలి. ఈఎంఐ సంగతి బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి. 2009 జనవరి 7న లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడి సత్యం కంప్యూటర్స్ కుప్పకూలినప్పుడు యాభై వేలకు పైగా ఉద్యోగుల భవిష్యత్తు గాల్లో వేలాడింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనేదాకా ఆ మూడు నెలలూ రోజూ ఆఫీసుకు వెళ్లి క్లయింట్ల పని ఆగకుండా చూసినవాళ్లు వేలమంది. వాళ్లలో దేవుణ్ని నమ్మేవాళ్లున్నారు, నమ్మనివాళ్లున్నారు. అందరూ పని చేశారు.

ఒంటరిగా మాత్రం ఉండకూడదు. గదిలో తలుపు వేసుకున్నవాడి చెవుల్లో ఎగతాళి పదింతలవుతుంది. గుడి అరుగు, శుక్రవారం జమాత్, అపార్ట్‌మెంట్‌లో నలుగురు కూడే భజన, చర్చిలో చిన్న ప్రార్థన బృందం, ఏదైనా సరే మనుషుల మధ్య ఉండాలి. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా డాక్టరును కలవడం విశ్వాసానికి లోటు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సహాయ కేంద్రం నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. దేవుడి మీద నమ్మకమున్నవాళ్లు ‘ప్రార్థనతో పోతుందిలే’ అని ఈ సాయాన్ని వాయిదా వేయడం చాలా ప్రమాదం.

మీ టీంలో ఈ నెల ఎవరికైనా ఉద్యోగం పోతే, మీరు ఆస్తికులైనా నాస్తికులైనా, ఆ మనిషి దేవుడి గురించి మీరేమనుకుంటున్నారో కొన్నాళ్లు పక్కన పెట్టండి. పూర్వజన్మ పాపాల ఊసెత్తకండి, ఏం చేశాడు నీ దేవుడని అడగకండి. మీ కంపెనీలో ఖాళీ ఉంటే రెఫరల్ పెట్టండి. అద్దె కట్టలేకపోతున్నారేమో కనుక్కోండి. శనివారం చిల్కూరు వెళ్లొద్దామని అడిగితే, మీకు నమ్మకం లేకపోయినా బండి తీయండి. ఆ పదకొండు చుట్లూ అయ్యేదాకా బయట కూర్చుని ఆగండి.